అర విమానం ఎలా కూలుద్ది? షేర్డ్ విక్టరీల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెండ్స్ బ్యాచ్‌లో ఫైటర్ ప్లేన్ల పిచ్చోడు ఒక్కడుంటే చాలు, యుద్ధం సినిమా రిలీజైన ప్రతిసారీ డౌట్లన్నీ వాడి నెత్తినే పడతాయి, మా బ్యాచ్‌లో ఆ ఒక్కణ్ణి నేను. అడిగిందే అడుగుతున్నారు, చెప్పిందే చెప్తున్నా, ఇంక ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పడేస్తున్నా. ఎవరైనా అడిగితే ఇదే పంపిస్తా.

"34.5 విమానాలు కూల్చాడు" అని రాస్తారు, ఆ అర ఏంటి బ్రో?

సగం కూలి మిగతా సగం ఎగురుకుంటూ ఇంటికెళ్ళిందని కాదులే. ఒకే శత్రు విమానాన్ని ఇద్దరు పైలట్లు కాల్చారు, కూలింది మాత్రం ఒకటే, ఎవడి తూటాకి కూలిందో తేలదు, లేదా ఇద్దరిదీ పాత్ర ఉంది. అప్పుడు ఆ ఒక్కదాన్ని వాటాలేస్తారు, అదే షేర్డ్ విక్టరీ. తాతగారి ఎకరం పొలాన్ని ఇద్దరన్నదమ్ములు చెరో యాభై సెంట్లు రాయించుకున్నట్టు. ముగ్గురైతే 0.33, నలుగురైతే 0.25. ఈ 34.5 ఆయన పేరు గబ్రెస్కి, ఆ అర వెనక పెద్ద గొడవే ఉంది, కింద చెప్తా.

ముందు ఏస్ అంటే ఎవరో చెప్పు.

5 విమానాలు కూల్చినోడు. పేకాటలో ఆసు అంటాం చూడండి, ఫ్రెంచోళ్ళ 'ఆస్' కూడా అదే ముక్క, మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ దగ్గర మొదలై అందరికీ పాకింది. ఈ 5 అన్న గీత ఉండటం వల్లే అరలూ పావులూ ఇంత ముఖ్యమయ్యాయి, 4.5 దగ్గర ఆగిపోయినోడి బాధ వాడికే తెలుసు.

ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు కొట్టడం అంత మామూలు విషయమా?

చాలా మామూలు. 1940లో బ్రిటన్ మీదకి ఒక జర్మన్ బాంబర్ వచ్చిందనుకోండి. దాని వెనక మూడు స్పిట్‌ఫైర్ ఫైటర్లు పడతాయి. ఒక్కోదానికి రెక్కల్లో 8 మెషిన్ గన్లు ఉంటాయి కానీ తూటాలు మొత్తం కలిపి 15 సెకన్లకి అటూఇటూ వస్తాయి, అంతే, ఆ తర్వాత ఖాళీ. మొదటోడు కాల్చి ఒక ఇంజిన్ నుంచి పొగ తెప్పించి పక్కకి తప్పుకున్నాడు, రెండోవాడు వచ్చి వెనక గన్నర్ నోరు మూయించాడు, మూడోవాడు వచ్చేసరికి అది ఆల్రెడీ కిందకి దిగుతోంది, వాడూ నాలుగు తూటాలు వేశాడు, వెళ్ళి సముద్రంలో పడింది. ఇప్పుడు చెప్పండి ఎవరిది? మూడోవాడిని అడిగితే "నేను కాల్చాకే పడింది" అంటాడు, అబద్ధం కూడా కాదు. మొదటోడేమో సొమ్మొకడిది సోకొకడిది అంటాడు, అదీ నిజమే.

కూల్చానని నోటితో చెప్తే సరిపోయేదా?

సరిపోదు. కిందకి దిగగానే స్క్వాడ్రన్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ కాగితాలు పట్టుకుని రెడీగా ఉంటాడు. పైలట్‌కి ఇంకా చెమట ఆరలేదు, చేతిలో టీ కప్పు, ఆయనేమో ఎన్నింటికి, ఎంత ఎత్తులో, ఎన్ని గజాల నుంచి కాల్చావు, ఎన్ని సెకన్లు నొక్కావు, పడటం నీ కళ్ళతో చూశావా, నీతో పాటు ఇంకెవరైనా కాల్చారా అని వరసపెట్టి అడుగుతాడు. నాకైతే ఆ ఆఖరి ప్రశ్నే అసలైంది అనిపిస్తుంది, మనం ఇక్కడ మాట్లాడుకునేదంతా దానికొచ్చిన జవాబు మీదే నడుస్తుంది. దాంతోపాటు పక్కనున్న పైలట్ సాక్ష్యం, కింద జనం చూశారా, శిథిలాలు దొరికాయా, గన్ కెమెరా ఉంటే ఆ ఫిల్ము. అన్నీ చూసి బ్రిటిష్ వాళ్ళు మూడు రకాలుగా రాసేవాళ్ళు: ఖాయంగా కూలింది, కూలి ఉండొచ్చు, దెబ్బతింది.

ఇంత చేసినా లెక్కలు తప్పేవి. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, యుద్ధం అయ్యాక జర్మన్ల కాగితాలు తీసి చూస్తే 60 దగ్గర ఉన్నాయి. ఎవడూ కావాలని బొంకింది కాదు, పైన చెప్పిన ముగ్గురూ ఒకరినొకరు చూసుకోకుండా వచ్చి తలా ఒకటి రాయించుకుంటే ఒక బాంబర్ కాస్తా మూడైపోద్ది. షేర్ చేసే పద్ధతి ఉన్నది పైలట్ల మధ్య గొడవ తీర్చడానికి అనుకుంటారు చాలామంది, గొడవ సంగతి తర్వాత, శత్రువు దగ్గర ఇంకా ఎన్ని మిగిలాయో తెలియాలంటే ఒకటిని ఒకటిగానే లెక్కపెట్టాలి కదా.

అన్ని దేశాలూ ఇలాగే వాటాలేశాయా?

లేదు, అసలు మజా అంతా ఇక్కడే ఉంది. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క, అందుకే ఈ దేశం ఏస్‌ని ఆ దేశం ఏస్‌తో పోల్చి కామెంట్లలో కొట్టుకునేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

ఫ్రాన్స్ వాళ్ళది పెద్ద మనసు. ముగ్గురు కలిసి ఒకటి కూలిస్తే ముగ్గురికీ ఒక్కోటి పూర్తిగా రాసేవాళ్ళు, మొదటి యుద్ధంలోనూ అంతే, రెండో యుద్ధంలోనూ అంతే. కానీ కన్ఫర్మ్ చెయ్యడంలో మాత్రం మహా పిసినారులు, వేరేవాళ్ళు చూసి చెప్తేగానీ ఒప్పుకోరు. వాళ్ళ ఏస్ రెనే ఫాంక్‌కి 75 ఒప్పుకున్నారు, ఆయన కూల్చానని చెప్పుకున్నవి అంతకంటే చాలా ఎక్కువ.

మొదటి యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు కూడా షేర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకటి రాసి, స్క్వాడ్రన్ లెక్కలో మాత్రం ఒకటే వేసుకునేవాళ్ళు. పైగా 'అదుపు తప్పి కిందకి పోయింది' అన్నవి కూడా విక్టరీలే. వాటిల్లో ఎన్ని మేఘాల కింద మళ్ళీ సర్దుకుని ఇంటికి పోయాయో దేవుడికే తెలియాలి.

రెండో యుద్ధానికి వచ్చేసరికి బ్రిటిష్ వాళ్ళు వాటాల్లోకి దిగారు. ఇప్పుడు పుస్తకాల్లో సొంతం ఇన్ని, షేర్డ్ ఇన్ని అని విడివిడిగా వేస్తారు, జానీ జాన్సన్‌కి 34 సొంతం 7 షేర్డ్, సెయిలర్ మలాన్‌కి 27 సొంతం 7 షేర్డ్ అలాగ. అమెరికన్ ఆర్మీ విమాన దళంవాళ్ళు డెసిమల్స్‌లో వేసేవాళ్ళు, ఎంతమంది పంచుకున్నా మొత్తం కలిపితే 1 దాటకూడదు, అంతే రూలు. సౌండ్ బారియర్ దాటిన చక్ యేగర్ తెలుసుగా, ఆయన రెండో యుద్ధం స్కోరు 11.5.

సోవియట్ వాళ్ళు రెండు ఖాతాలు తెరిచారు, పర్సనల్ ఒకటి గ్రూప్ ఒకటి. గ్రూప్‌లోది ఎప్పటికీ పర్సనల్‌లో కలవదు, ముక్కలు చెయ్యడం కూడా లేదు. పోక్రిష్కిన్‌కి 59 పర్సనల్, 6 గ్రూప్ అని ఎక్కువచోట్ల కనిపిస్తుంది. నాకు అన్నిట్లోకీ ఈ పద్ధతే నచ్చింది, చూడగానే ఎవడు ఒంటరిగా ఎంత చేశాడు, కలిసి ఎంత చేశాడు తెలిసిపోద్ది.

ఇటలీ వాళ్ళు రెండో యుద్ధంలో చాలావరకు యూనిట్ పేరు మీదే రాసేసేవాళ్ళు. జపాన్ నేవీ కూడా 1943 నుంచి మనిషి పేరు పక్కనపెట్టి యూనిట్ లెక్కే చూసింది, అందుకే జపాన్ ఏస్‌ల నంబర్లు చాలామటుకు డైరీల్లోంచి, ఉత్తరాల్లోంచి ఏరుకున్నవే. క్రికెట్‌లో రన్ అవుట్ అయితే బౌలర్ ఖాతాలో వికెట్ పడదు, టీమ్‌కి మాత్రం వికెట్ వస్తుంది కదా, అలాంటిదే.

18 11/12 అని ఒక చోట చూశా, అది టైపింగ్ మిస్టేకా?

కాదు, అది నాకు చాలా ఇష్టమైన నంబర్. పోలండ్ పైలట్ స్టానిస్లావ్ స్కాల్స్కి స్కోరు అది. యుద్ధం అయ్యాక పోలిష్ పైలట్ల విక్టరీలన్నీ కూర్చోపెట్టి లెక్క తేల్చి ఒక జాబితా చేశారు, బయాన్ జాబితా అంటారు, అందులో ఇలాంటి భిన్నాలు బోలెడు. 11/12 ఎలా వస్తుందో ఒక ఉదాహరణ వేసుకోండి, ఒకదాంట్లో పావు, ఇంకో రెండిట్లో మూడో వంతు చొప్పున, 1/4+1/3+1/3, కసాగు తీస్తే 11/12. ఆరో తరగతిలో ఈ కసాగులు జీవితంలో ఎందుకు పనికొస్తాయి సార్ అని అడిగి మొట్టికాయ తిన్నా, జవాబు ఇక్కడ దొరికింది.

ఫిన్లండ్ వాళ్ళూ అంతే. యోర్మా సర్వాంటో అని ఒకాయన 1940 జనవరి 6న నాలుగు నిమిషాల్లో ఆరు సోవియట్ బాంబర్లు కూల్చాడు, ఆరూ ఆయనవే, వాటా లేదు. అలాంటి మనిషికి కూడా సోవియట్ వాళ్ళతో నడిచిన ఆ శీతాకాల యుద్ధం మొత్తం స్కోరు 12 5/6. ఆరు విమానాలు ఒక్కడే కూల్చినోడు ఇంకో చోట ఆరో వంతు పోగొట్టుకున్నాడు, పాపం.

జర్మన్లకి 352, 301 ఏంటి అసలు? వాళ్ళు షేర్లు కూడా కలిపేసుకున్నారా?

రివర్స్. జర్మన్ల దగ్గర షేరే లేదు. ఒక విమానం కూలితే ఒక్క పైలట్‌కే పేరు, ఇద్దరు కొట్టారంటే ఎవరిదో తేల్చుకోవాలి, తేలకపోతే యూనిట్‌కి పోద్ది, మనిషికి రాదు. ఎరిక్ హార్ట్‌మన్ 352, బార్క్‌హార్న్ 301, రెండూ ఆ పద్ధతిలో వచ్చినవే. అన్ని ఎందుకంటే వాళ్ళకి టూర్ అయిపోయింది ఇంటికెళ్ళు అనడం లేదు, చచ్చేదాకానో యుద్ధం అయ్యేదాకానో ఎగరడమే, పైగా తూర్పు వైపు టార్గెట్లకి కొదవ లేదు.

కానీ షేర్ లేదన్న మాటలో ఒక మెలిక ఉంది. మెడల్స్ ఇవ్వడానికి పశ్చిమం వైపు పాయింట్ల పద్ధతి పెట్టారు. నాలుగింజిన్ల బాంబర్‌ని కూలిస్తే 3 పాయింట్లు. కూల్చలేదు గానీ గట్టిగా కొట్టి గుంపులోంచి విడగొడితే 2. అలా విడిపోయి ఒంటరిగా కుంటుకుంటూ పోతున్నదాన్ని ఇంకొకడు ఫినిష్ చేస్తే వాడికి 1. 2+1=3, చూశారా, పేరుకి షేర్ లేదు అంటూనే దొడ్డిదారిన పంచేశారు. పైగా కష్టమైన పని ఏదో కూడా కరెక్ట్‌గా పట్టుకున్నారు, గుంపులో ఉన్న బాంబర్ల మీదకి పోవడమే ప్రాణాంతకం, వందల గన్లు నీవైపే ఉంటాయి, ఒంటరిదాన్ని కొట్టడం దానిముందు ఏ మూలకి.

గబ్రెస్కి అర సంగతి చెప్తానన్నావ్.

ఫ్రాన్సిస్ గబ్రెస్కి, గ్యాబీ అంటారు, రెండో యుద్ధంలో 28 కూల్చిన అమెరికన్. కొరియా యుద్ధంలో మళ్ళీ దిగి సేబర్ జెట్‌లు నడిపాడు. 1952 ఫిబ్రవరి 20న ఒక మిగ్-15ని గట్టిగా కొట్టాడు, తన విమానానికీ దెబ్బ తగలడంతో వెనక్కి వచ్చేశాడు. వెనక ఉన్న విలియం విస్నర్ ఆ మిగ్ వెంటపడి చైనా వైపు చాలా లోపలికి పోయి పని పూర్తి చేసి, ట్యాంకులో ఇంధనం అడుగంటుతుంటే తిరిగొచ్చాడు. వచ్చాక ఎవరిది అన్నదాని మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది, గబ్రెస్కి ఏమో పై ఆఫీసర్, కోపం చల్లారాక చెరి సగం అన్నారు.

మూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 23న, విస్నర్ ఇంకోటి కూల్చి వాళ్ళ వింగ్‌లో, అంటే వాళ్ళ యూనిట్‌లో, మొదటి జెట్ ఏస్ అయిపోయాడు, కొరియాలో ఆయన లెక్క 5.5. గబ్రెస్కి 6.5తో ముగించాడు, 28+6.5 కలిపి ఆ 34.5. ఇద్దరి స్కోర్లలోనూ ఆ .5 అలాగే ఉండిపోయింది, ఒకే మిగ్‌ తాలూకు రెండు ముక్కలు.

షేర్డ్ విక్టరీ మీద అన్నిటికంటే పెద్ద గొడవ ఏది?

యమమోటో. ఇందులో డౌటే లేదు. పెర్ల్ హార్బర్ దాడి ప్లాన్ చేసిన జపాన్ అడ్మిరల్ ఏ రోజు ఏ టైంకి ఎక్కడ దిగుతాడో అమెరికన్లు కోడ్ బద్దలుకొట్టి తెలుసుకున్నారు. 1943 ఏప్రిల్ 18న గ్వాడల్‌కెనాల్ దీవి నుంచి పి-38 ఫైటర్లు సముద్రానికి ఆనుకున్నట్టు ఎగురుతూ వెళ్ళి బూగన్‌విల్ దీవి దగ్గర కాపు కాశాయి. వచ్చినవి రెండు బాంబర్లు, ఆరు జీరో ఫైటర్లు. వాటి మీదకి దూకే పని నలుగురిది, అందులో ఇద్దరు టామ్ ల్యాన్ఫియర్, రెక్స్ బార్బర్.

ల్యాన్ఫియర్ ఏమంటాడంటే నేను పక్కనుంచి కాల్చా, రెక్క ఊడి అడవిలో పడింది అని. బార్బర్ ఏమంటాడంటే నేను సరిగ్గా వెనక్కి వెళ్ళి కాల్చా, నా ముందే కూలింది అని. మొదట అందరూ కలిపి మూడు బాంబర్లు కూలాయన్నారు, తీరా చూస్తే అక్కడికొచ్చిందే రెండు. పేరేమో చాలా ఏళ్ళు ల్యాన్ఫియర్‌కే నడిచింది, తర్వాత ఎయిర్ ఫోర్స్ లెక్కలు సరిచూసి చెరో అర రాసింది. బార్బర్ ఊరుకోలేదు. 1991లో రికార్డు మార్చమని ఎయిర్ ఫోర్స్ బోర్డు దాకా వెళ్ళాడు, బోర్డులోనే ఏకాభిప్రాయం రాలేదు, ఆఖరికి చెరో అర అలాగే ఉంచారు. అక్కడితో ఆగాడా, ఫెడరల్ అప్పీల్ కోర్టుకెళ్ళాడు, అక్కడా ఓడిపోయాడు. యాభై ఏళ్ళ కిందటి అర విమానం కోసం కోర్టు మెట్లెక్కడం, మన దగ్గర గెట్టు తగాదాలు గుర్తొచ్చాయి నాకు.

నన్నడిగితే బార్బర్ మాటే నిజమనిపిస్తుంది, శిథిలాలు ఇప్పటికీ ఆ అడవిలో ఉన్నాయి, చూసొచ్చినవాళ్ళు తూటాలు వెనకనుంచే తగిలాయంటారు. కానీ ఎయిర్ ఫోర్స్ చేసింది తప్పు అని కూడా అనలేను, డౌట్ ఉన్నప్పుడు చెరి సగం అన్నదే కదా రూలు.

రెండు సీట్ల విమానం అయితే? వెనక కూర్చున్నవాడికి ఏమైనా వస్తుందా?

ఇదీ దేశాన్ని బట్టే. మొదటి యుద్ధంలో బ్రిటిష్ బ్రిస్టల్ ఫైటర్‌లో వెనక గన్నర్లకీ విక్టరీలు రాసేవాళ్ళు. రెండో యుద్ధంలో జర్మన్ నైట్ ఫైటర్ షనాఫర్‌కి రాత్రి పూట 121, అందులో 100 సార్లు వెనక రాడార్ చూసి దారి చెప్పింది రుంపెల్‌హార్ట్ అనే ఒకే మనిషి, ఆ చీకట్లో ఆయన చెప్పకపోతే ముందున్నాయనకి ఏం కనపడుద్ది, అయినా లెక్క మొత్తం పైలట్‌దే.

వియత్నాం యుద్ధానికి వచ్చేసరికి అమెరికన్ ఎయిర్ ఫోర్స్ ఎఫ్-4 ఫాంటమ్‌లో ఇద్దరికీ చెరో పూర్తి 1 రాసింది. దాంతో ఒక తమాషా జరిగింది. వెనక సీటు చార్లెస్ డిబెల్వ్యూ, స్టీవ్ రిచీతో కలిసి 4, జాన్ మాడెన్‌తో కలిసి 2, మొత్తం 6. ముందు సీట్లో కూర్చున్న రిచీకేమో 5. అంటే ఆ యుద్ధంలో అమెరికా వైపు టాప్ ఏస్ స్టిక్ పట్టుకోని మనిషి.

కూల్చినందుకు డబ్బులిచ్చేవాళ్ళా? అవి కూడా పంచుకునేవాళ్ళా?

కొన్నిచోట్ల ఇచ్చారు. చైనా తరఫున పోరాడిన అమెరికన్ ఫ్లయింగ్ టైగర్స్‌కి విమానానికి 500 డాలర్లు, నేల మీద తగలబెట్టినవి కూడా లెక్కే, కలిసి కూలిస్తే బోనస్‌ని పంచుకోవడమే. సోవియట్‌లో 1941 నుంచి విమానానికి 1000 రూబుళ్ళు. డబ్బు ముడిపడ్డాక కాగితం మీద 'ఇంకెవరు కాల్చారు' అన్న గడి ఎంత బరువెక్కుతుందో ఊహించుకోండి.

మనవాళ్ళెవరైనా ఈ లెక్కల్లో ఉన్నారా?

ఉన్నారు. ఇంద్రలాల్ రాయ్, కలకత్తా కుర్రాడు. 1918 జులైలో రెండు వారాలు కూడా నిండకుండా 10 విక్టరీలు, జులై 22న ఫ్రాన్స్‌లో చనిపోయాడు, అప్పటికి వయసు 19. ఆ పదిలో 2 షేర్డ్, సగం 'అదుపు తప్పి పోయినవి'. అప్పటి బ్రిటిష్ లెక్క కాబట్టి షేర్డ్ రెండూ పూర్తిగా కలిశాయి, రెండో యుద్ధం రూల్స్‌లో అవి చెరి సగం అయ్యుంటే 9 అయ్యేది. అయినా ఏస్సే, అందులో తేడా లేదు.

తెలంగాణ లింకు కూడా ఒకటుంది, చాలామందికి తెలీదు. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడిన 152 స్క్వాడ్రన్ పూర్తి పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, స్పిట్‌ఫైర్‌లకి నిజాం డబ్బిచ్చాడని ఆ పేరు, వాళ్ళ బ్యాడ్జి మీద ఉన్నది నిజాం తలపాగా. 253 స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ స్టేట్ ఉంటుంది, వాళ్ళవి హరికేన్ ఫైటర్లు. అంటే పైన చెప్పిన ఆ సగాలూ మూడో వంతులూ రాసిన కాగితాల్లో కొన్నిటి మీద హైదరాబాద్ పేరు కూడా ఉందన్నమాట.

ఒకసారి రాసేశాక ఈ లెక్కలు మారవా?

మారతాయి. మొదటి యుద్ధంలో అమెరికన్లు ఫ్రెంచ్ పద్ధతిలో అందరికీ పూర్తిగా రాశారు, వాళ్ళ ఏస్ రికెన్‌బాకర్‌కి 26 అయింది. దశాబ్దాల తర్వాత చరిత్రకారులు వాటా పద్ధతిలో మళ్ళీ లెక్కేస్తే 24.33కి దిగింది, కాదులే అప్పటి రూల్ అప్పటికే అని మళ్ళీ 26 చేశారు. మనిషి చేసింది అదే, కాలిక్యులేటర్ మారింది.

మన ఎయిర్ ఫోర్స్ పైలట్ దేవయ్య కేసు షేర్డ్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోదా మీద దాడికెళ్ళి ఆయన తిరిగి రాలేదు, చూసి చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఆయన ఖాతాలో ఏమీ పడలేదు. పాతకాలపు మిస్టేర్ నడుపుతూ పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ని కూల్చింది ఆయనేనని ఏళ్ళ తర్వాత అటువైపు వివరాలు బయటపడ్డాకే తేలింది. మహావీర చక్ర ఇచ్చింది 1988లో, 23 ఏళ్ళకి.